చెరువుల చిట్టాలో నాలుగు వరుసలు

దుర్గాష్టమి నాడు మధ్యాహ్నం లైబ్రరీ సారు ఫోన్ చేశారు. పండగ పలకరింపేమో అనుకుని నవ్వు ముఖంతోనే ఎత్తాను. ఆయన బాగున్నారా అని కూడా అడగలేదు. ఒరియాలో ఒకటే మాట అన్నారు. "దిదీ, ఆ పుస్తకం రేపు పొద్దున్న తొమ్మిదింటికల్లా నా టేబుల్ మీద ఉండాలి."

భువనేశ్వర్ నుంచి స్టాక్ తనిఖీకి అధికారి దిగిందట. సెలవులయ్యాక వస్తామన్నవాళ్లు, పాఠకులు రాని రోజులైతే పని తొందరగా తెములుతుందని నవమి నాడే మొదలుపెడుతున్నారట. పాత రికార్డుల గదిలో ఉన్న ప్రతి సంపుటాన్నీ చేత్తో పట్టుకుని, పేజీలు తిప్పి చూసి, జాబితాలో టిక్కు పెడతారు. ఒక్క పుస్తకం తక్కువైనా, ఒక్క పేజీ పాడైనా సారు సంజాయిషీ రాసుకోవాలి. ఆయన ఈ నెలాఖరున రిటైరవుతున్నారు. విచారణ అంటూ మొదలైతే ఆయన పెన్షను కాగితాలు ఏ బీరువాలో ఎన్నేళ్లు పడుంటాయో చెప్పలేం.

"తెస్తాను సార్" అని ఫోన్ పెట్టేసి దేవుడి గది వైపు చూశాను. పుస్తకం అక్కడే ఉంది. మూలా నక్షత్రం నాడు మా అత్త ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ సరస్వతీదేవి పటం ముందు పేర్చి, పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసింది. దశమి నాడు ఉద్వాసన చెప్పేదాకా వాటిని ఎవరూ తాకకూడదు, తెరవకూడదు. అన్నిటికన్నా పైన, చిన్న పీట మీద పట్టుగుడ్డ పరిచి, సారు పుస్తకాన్ని పెట్టింది. పాతది, పెద్దది కదా, దానికి పెద్దపీట వేసింది.

ఆ పుస్తకం మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. నేను బడిలో తెలుగు చెబుతాను. ఈ గంజాం జిల్లా మద్రాసు వాళ్ల కింద ఉన్నప్పటి తెలుగు చేతిరాత సంపుటాలు మా పట్నం లైబ్రరీలో ఒక అలమరా నిండా ఉన్నాయి. అక్కడి ఉద్యోగుల్లో ఎవరికీ ఆ రాత చదవడం రాదు. "ఏ పుస్తకంలో ఏముందో మాకు ఒరియాలో ఒక జాబితా చేసి పెట్టండి దిదీ" అని సారు అడిగారు. నాకూ స్వార్థం ఉంది. మా నాన్న పుట్టిన ఊరు, సరిహద్దు దగ్గరి పల్లె, ఎక్కడైనా కనబడుతుందేమోనని ఆశ. నాన్న చిన్నప్పుడే బరంపురం వచ్చేశాడు. నేను బరంపురంలోని హల్దియాపదర్‌లో పుట్టి హల్దియాపదర్‌లోనే పెరిగాను. నాన్న ఊరికి పెళ్లిళ్లకీ చావులకీ వెళ్లొచ్చానే గానీ దాని గురించి నాకు తెలిసింది సున్నా.

శనివారం శనివారం వెళ్లేదాన్ని. పెన్ను, నీళ్ల సీసా, సంచీ బయట వదిలి, పెన్సిలూ తెల్లకాగితాలూ మాత్రం పట్టుకుని లోపలికి వెళ్లాలి. పేజీ తిప్పేటప్పుడు వేలు తడి చేసుకోకూడదని సారు మొదటి రోజే చెప్పారు. ఒకసారి అలవాటుగా వేలు నోటి దగ్గరికి వెళితే ఆయన దూరం నుంచే దగ్గారు. అంత జాగ్రత్త గల మనిషి. దసరా ముందు జాబితాకి ఒకే ఒక్క సంపుటం మిగిలింది. ఊరూరికీ ఉన్న చెరువులేవి, ఏ చెరువు కింద ఏ మళ్లున్నాయి అని రాసిన చిట్టా అది. తనిఖీనాటికి జాబితా పూర్తి కావాలని, నా బతిమాలుడు పడలేక, ఆయన తన పేరు మీద సంతకం పెట్టి దాన్ని నాకిచ్చారు. "ఈ గదిలోంచి నా హయాంలో ఒక్క కాగితం బయటికి వెళ్లలేదు. వేరే పుస్తకాలతో కలిపి పెట్టకండి" అన్నారు.

నేను కలిపే పెట్టాను. నా పాఠాల పుస్తకాల పక్కన, అదే అరలో. ఇచ్చిన నాలుగో రోజున అందులో మా నాన్న ఊరు కనబడింది. ఒళ్లు తెలియని సంబరంతో వంటింట్లోకి పరిగెత్తి అత్తకి చూపించాను. మా అత్త అంటే నాన్నకి సొంత అక్క. మేనరికం మాది. అందుకే అత్తాకోడళ్లమైనా ఏకవచనంలోనే పోట్లాడుకుంటాం. "ఇదిగో, ఇక్కడ రాసుంది చూడు, మన ఊరి పేరు" అని వేలు పెట్టి చూపించాను. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని వంగి చూసింది. బడి మొహం చూడని మనిషి. "ఏదే, ఇదేనా? ఇంత సిన్నగా రాసీసినారేటి?" అంది. నేను నవ్వి, కింద ఉన్నదంతా నిదానంగా చదివి ఎత్తి రాసుకుందామని ఆ పేజీలో చీటీ పెట్టి మూసేశాను. రాసుకోనే లేదు. బడిలో పరీక్షలు, ఇంట్లో పండగ పనులు, ఇంకా ఎన్నో సాకులు.

మూల నాడు నేను బజారు నుంచి వచ్చేసరికి పూజ అయిపోయింది. పీట మీద పుస్తకం చూసి భయమేసింది. కానీ గడువు దశమి తర్వాత రెండు రోజులకి కదా, అట్ట మీద కాస్త పసుపు గీత ఉంటే తుడిచేద్దాంలే అని సర్దుకున్నాను. ఇప్పుడు ఆ రెండు రోజులు లేవు.

"అత్తా, ఆ పెద్ద పుస్తకం తియ్యాలి. రేపు పొద్దున్న ఇచ్చెయ్యాలి" అన్నాను.

ఆమె వత్తులు చేసుకుంటోంది. తలెత్తలేదు. "ఎల్లుండి దశమి. అప్పుడు తీద్దువు."

"ఎల్లుండి కాదు, రేపు. ఆయన ఉద్యోగం మీదికొస్తుంది."

"పూజలో ఉన్న పుస్తకం మద్దిలో తీస్తే ఏటవుద్దో నీకు తెల్దు. ఇంట్లో సదువుకునే గుంటలున్నారు. నానొప్పను."

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లో అందరికీ తెలుసు, ఇరుగుపొరుగుకీ తెలుసు. అయినా ఆ రోజు అన్న మాట మాత్రం నేను అనకుండా ఉండాల్సింది. "చదువు రానిదానివి, నీకు పుస్తకం విలువ ఏం తెలుసు? నీకది పసుపు పూసుకునే బొమ్మ" అన్నాను.

అత్త చేతిలో దూది ఆగిపోయింది. నా వైపు చూసింది. ఎదురు తిట్టి ఉంటే బాగుండేది, మా ఇద్దరికీ అలవాటే. లేచి, కాళ్లు కడుక్కుని వచ్చి, దేవుడి గదిలోకి వెళ్లి పటానికి దండం పెట్టి, రెండు చేతులతో పుస్తకం తీసి నా చేతుల్లో పెట్టింది. మళ్లీ వెళ్లి వత్తుల దగ్గర కూర్చుంది. నేను క్షమించమనలేదు. నా చూపంతా పుస్తకం మీదే ఉంది.

అట్ట మీద పసుపు కొంచెమే అంటింది. పొడిగుడ్డకి వచ్చేసింది. ఊపిరి పీల్చుకుని, చీటీ ఉన్న చోట తెరిచాను. ఎందుకు తెరిచానో నాకే తెలియదు. పేజీ మధ్యలో, వేలెడంత మేర, పసుపు ముద్ద రాసి దాని మీద కుంకుమ బొట్టు పెట్టి ఉంది. నేను చూపించిన చోటే. తన ఊరు అక్కడుందని నేనే చెప్పాను కదా, అమ్మవారికి పెట్టినట్టే ఊరికీ పెట్టుకుంది. గురి కొంచెం తప్పి ఊరి పేరుకి కిందగా, మళ్ల పేర్ల మీద పడింది.

ఇప్పుడు తలచుకుంటే తెలుస్తుంది. దాన్ని అలాగే వదిలేసి ఉంటే ఆ బొట్టు కింది అక్షరాలు ఎండ వెలుతురులో కనబడేవే. అప్పటికి పసుపు ఎండిపోయి పెళుసుగా ఉంది. మెల్లిగా గోటితో రాలగొట్టినా సరిపోయేది. నేను కంగారులో గుడ్డ తడిపాను. పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకోనివ్వని మనిషి పుస్తకాన్ని తడిగుడ్డతో తుడిచాను. రెండుసార్లు. మొదటిసారికి పసుపు పోయింది. రెండోసారికి సిరా కూడా లేచిపోయింది. నాలుగు వరుసలు కలిసి బురద రంగు మరకైపోయాయి.

"ఎంత పని చేశావే!" అని అరిచాను, అత్త మీద. గుడ్డ నా చేతిలోనే ఉంది. ఆమె వచ్చి చూసి, "అయ్యో" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నాను బొట్టే కదే పెట్టినాను" అంది మెల్లిగా.

మా ఆయన గేట్ బజార్‌లో బట్టల కొట్టు నుంచి రాత్రికి వచ్చాడు. సంగతి విని, "రేపు ఏదో ఒకటి చెప్పెయ్, పాత పుస్తకం, చెమ్మ తగిలిందని చెప్పు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చిందని ఒప్పుకోవాలి. పొద్దుటిదాకా అదే మాట మనసులో పదే పదే చెప్పుకుని చూసుకున్నాను. ఏ ముఖం పెట్టి చెప్పాలో కూడా అనుకున్నాను.

నవమి పొద్దున్న ఆటో వాకిట్లోకి రాగానే అత్త ఉతికిన చీర కట్టుకుని, చెప్పులేసుకుని వచ్చి ముందే ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు?"

"తప్పు నాది కాదేటి? నానే సెప్తాను. ఆ సారుకి ముసలిదాన్ని సూస్తే కోపం తగ్గుద్ది."

వాదించే సమయం లేదు. గేట్ బజార్ దగ్గర దుర్గమ్మ పందిళ్ల జనంలో ఆటో ఇరుక్కుపోయింది. తొమ్మిది దాటింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేసి కూర్చున్నాను. ఫోన్ రెండుసార్లు మోగింది, సారే. ఎత్తలేదు. అత్త దారంతా బయటికే చూసింది. చెమ్మ తగిలింది సార్, చెమ్మ తగిలింది సార్ అని లోపల నేను వల్లె వేస్తూనే ఉన్నాను.

రికార్డుల గదిలో పెద్ద బల్ల దగ్గర తనిఖీ అధికారి కూర్చుని ఉంది. నాకన్నా చాలా చిన్నది, మూడు పదులు దాటి ఉండదు. పక్కన సారు నిలబడి ఉన్నారు. అంకులిలోని ఇంటి నుంచి ఆయన ఎన్నింటికి బయల్దేరి వచ్చారో గానీ ముఖం అప్పటికే వాడిపోయి ఉంది. తెలుగు అలమరా వంతు నడుస్తోంది. నా చేతిలో పుస్తకం చూసి ఆయన కళ్లు మూసుకుని తెరిచారు. అధికారి పుస్తకం అందుకుని, బయటికి వెళ్లిన సంగతి జాబితాలో చూసుకుని, పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. చీటీ తీయడం నేను మరచిపోయాను. పుస్తకం తనంతట తానే ఆ పేజీ దగ్గర తెరుచుకుంది.

"ఇదేమిటి?" అంది ఒరియాలో.

సారు వంగి చూశారు. ఆయన చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. "నేనిచ్చినప్పుడు ఇది లేదు" అన్నారు. నా వైపు చూడలేదు. ఆయన అలా చూడకపోవడమే నాకు తల కొట్టేసినట్టయింది.

అత్త ముందుకొచ్చింది. చేతులు జోడించి ఒరియాలోనే చెప్పింది. పూజలో నేనే పెట్టాను, పసుపు నేనే రాశాను, నా కోడలికి తెలియదు, సారుకి అసలే తెలియదు, ఏమన్నా అనాలంటే నన్ను అనండి అని. అంతా తన మీదే వేసుకుంది. తడిగుడ్డ మాట ఎత్తలేదు. చెమ్మ మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"కాదు" అన్నాను. "ఆమె పెట్టింది బొట్టు ఒక్కటే. తడిగుడ్డతో తుడిచి అక్షరాలు పోగొట్టింది నేను. సారు కలిపి పెట్టవద్దన్నారు, కలిపి పెట్టాను."

అధికారి పుస్తకం దగ్గరికి లాక్కుంది. భూతద్దం తీసి మరకని చూసింది, పేజీ వెనక నుంచి టార్చి లైటు పట్టి చూసింది. "మరకైతే మరక అని రాస్తాను. కానీ ఇక్కడ రాత పోయింది. రాత పోతే నష్టం కింద రాయాలి. పుస్తకం బయటికి ఎవరి సంతకం మీద వెళ్లిందో వాళ్ల పేరు కూడా రాయాలి. నకలు ఉందా?"

లేదు. నేను ఎత్తి రాసి ఉంటే ఉండేది.

"అసలు ఇందులో ఏముంది?"

"ఒక ఊరి చెరువు కింద మళ్ల పేర్లు. మదుము నుంచి నీళ్లు పారే వరుసలో రాశారు" అన్నాను. చెరువు నీళ్లు బయటికి వదిలే తూముని మావాళ్లు మదుము అంటారు. "మొత్తం పదకొండు. పైన మూడు, కింద నాలుగు కనబడుతున్నాయి. మధ్యలో నాలుగు పోయాయి."

అత్త నా చెయ్యి గిల్లింది. "ఏ సెరువు? మన ఊరి సెరువా? ఆ మళ్లా?"

ఆ క్షణంలో నాకు తట్టింది. ఇన్ని శనివారాలు ఈ గదిలో కూర్చుని ఆ ఊరి కోసం వెతికాను. ఆ ఊళ్లో పదిహేనేళ్లు పెరిగిన మనిషి నాకు రోజూ అన్నం వడ్డిస్తోంది. ఒక్కరోజు అడగలేదు. ఆ పేజీలో పేర్లు కూడా చదివి వినిపించలేదు, ఊరి పేరు చూపించి వచ్చేశాను.

"మేడమ్, ఈమె అక్కడే పుట్టింది. అడగండి" అన్నాను.

అధికారికి నమ్మకం లేదు. ఆమె స్థానంలో నేనున్నా నమ్మను. అత్తని వరండాలోకి పంపించింది. నా చేత ఒక కాగితం మీద ఒరియాలో పదకొండు అంకెలు వేయించి, కనబడే ఏడు పేర్లూ వాటి చోట రాయించింది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు ఖాళీ. కాగితం తన దగ్గర బోర్లించి పెట్టుకుని, నన్ను గోడ వైపు తిరిగి నిలబడమంది. బడిలో నేను పిల్లలకి వేసే శిక్ష అది. తర్వాత అత్తని పిలిచింది.

"పెద్దమ్మా, మదుము దగ్గర నుంచి చెప్పండి."

అత్త గొంతు సవరించుకోవడం వినబడింది. "మదుము దిగితే మదుము మడే. దాని కింద జోడుమళ్లు. తర్వాత తాటిపల్లం." ఆగింది. గోడ మీద చెద గీత ఒకటి పైకి పోతోంది, దాన్నే చూస్తూ నిలబడ్డాను. "ఉండమ్మా, నడిసి సెప్పాలి. మా నాయనకి అంబలి అట్టుకెల్లీదాన్ని, గట్టు మీద నడిసి. తాటిపల్లం దాటితే ఎడంసేతికి కుమ్మరిగుండం. ఆ తర్వాత రెల్లుబంద, అక్కడ కాళ్లు కోసుకుపోయీవి. దాసుళ్లమడి. ఎర్రమడి, మా నాయన ఉండీది ఆడే. ఇంకా కిందకి ఎల్తే సాకిరేవు మడి, పీతలపల్లం, గొడ్డుమడి. ఆకర్న ఉప్పుగెడ్డ మడి. ఆ తర్వాత మళ్లు లేవు, నీళ్లు గెడ్డలో కలిసిపోతాయి."

తెలుగు, ఒరియా కలగలిపి చెప్పింది. అధికారి మళ్లీ ఒకసారి చెప్పమంది. మళ్లీ అదే వరుస, ఒక్కటి కూడా తారుమారు కాలేదు. కాగితం తిప్పిన చప్పుడైంది. పెన్సిల్ ఒక్కో పేరు దగ్గరా ఆగి టిక్కు పెడుతోంది. నేను లెక్కపెట్టాను. ఏడు టిక్కులు.

"తిరగండి దిదీ" అంది అధికారి. "పైన మూడూ కింద నాలుగూ సరిపోయాయి. మధ్య నాలుగూ సరే అనుకోవాలి." ఖాళీలు తనే నింపింది. మరక పడిందని, నాలుగు వరుసల పాఠం విచారించి పక్క కాగితంలో చేర్చామని రాసింది. పుస్తకాల జాబితాలో ఆ సంపుటం పక్కన టిక్కు పెట్టింది. సారు కుర్చీలో కూర్చున్నారు. అప్పటిదాకా నిలబడే ఉన్నారని అప్పుడే గమనించాను.

నన్ను మాత్రం వదల్లేదు. ఇకమీదట ఈ గది పుస్తకాలేవీ నాకు ఇంటికి ఇవ్వకూడదని ఎర్రసిరాతో రాసింది. న్యాయమే. సారు ఆ తర్వాత కూడా నాతో మర్యాదగానే మాట్లాడారు గానీ, వెనకటి చనువు మళ్లీ రాలేదు. నెలాఖరున వీడ్కోలు సభలో అందరిలాగే నాకూ ఒక నమస్కారం పెట్టారు.

ఆ రోజు చివర్న, పక్క కాగితం కింద సంతకాలు కావలసి వచ్చాయి. ఒరియాలో రాసినది నేను కాబట్టి మొదట నాది. రెండోది అత్తది.

"ఈమెని ఏమని రాయాలి? సాక్షి అని రాయనా?" అడిగింది అధికారి.

"కాదు మేడమ్. చదివి చెప్పినామె అని రాయండి" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, అలాగే రాసింది. సారు సిరా ప్యాడు తెచ్చారు. అత్త బొటనవేలు అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది. వేలు కొంగుకి తుడుచుకుంటూ, "ఏటి రాసినారే?" అని నన్ను అడిగింది.

చెప్పాను.

ఆ కాగితం వైపు చూసింది. "సదువు రానిదాన్నని నువ్వే అన్నావు కదే నిన్న" అంది. గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగింది. నేను వాళ్లిద్దరి ముందే అత్త చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఆమె వేలి సిరా నా చేతికి అంటింది.